పాట బాగుంది సరే, హక్కులు ఎవరివి?

లాస్ ఏంజెలెస్‌లోనో టొరంటోలోనో ఒక వెబ్ సిరీస్ ఎడిటింగ్ జరుగుతోంది అనుకుందాం. సీన్‌లో ఒక తెలుగు కుటుంబం వంటింట్లో మాట్లాడుకుంటూ ఉంటుంది. వెనకాల ఫోన్‌లోంచి సన్నగా ఓ పాట వినిపించాలి. సిరీస్‌కు పాటలు వెతికిపెట్టే మ్యూజిక్ సూపర్‌వైజర్‌కు స్పాటిఫైలో ఒక పాట తగిలింది. హైదరాబాద్‌లో నలుగురు స్నేహితులు ఇంట్లోనే రికార్డ్ చేసిన పాట అది. వెంటనే మెయిల్ పెట్టారు. అందులో మెచ్చుకోలు ఒక్క వాక్యమే. మిగతావన్నీ ప్రశ్నలే: మాస్టర్ ఎవరిది, పబ్లిషింగ్ ఎవరిది, ఎవరి వాటా ఎంత, వేరేవాళ్ల పాటల ముక్కలు (శాంపిల్స్) ఏమైనా వాడారా, పాడిన గొంతు తీసేసిన వెర్షన్ ఉందా. జవాబు రెండు రోజుల్లో కావాలి.

సన్నివేశం ఊహించిందే అయినా ప్రశ్నలు మాత్రం అచ్చంగా ఇవే. విదేశీ లైసెన్సింగ్ అనగానే మన కుర్రాళ్ల నోట ముందుగా వచ్చే మాట, ‘అక్కడ మనకెవరు తెలుసు?’ అని. పరిచయాలు పనికొస్తాయి, కాదనలేం. కానీ మెయిల్ వచ్చాక కూడా అవకాశం చేజారిపోయేది ఎక్కువగా హక్కుల దగ్గరే. నలుగురిలో ఒకరు ఫోన్ ఎత్తరు. ఇంకొకరు ‘ట్యూన్ నాది, సగం నాకు రావాలి’ అంటారు. ఫ్లూట్ వాయించినాయన అసలేం సంతకం పెట్టలేదు. ఈలోగా సూపర్‌వైజర్ మరో పాటకు వెళ్లిపోతారు. వాళ్ల ప్లేలిస్టులో ఆ సీన్‌కు సరిపోయే పాటలు ఇంకా చాలానే ఉంటాయి.

సినిమాకో, సీరియల్‌కో, ప్రకటనకో, వీడియో గేమ్‌కో పాటను దృశ్యంతో కలిపి వాడుకోవడానికి ఇచ్చే అనుమతిని సింక్ లైసెన్స్ అంటారు. దీనికి రెండు వైపుల నుంచీ సంతకం కావాలి. ఒకటి పాటది, అంటే సాహిత్యం, బాణీ. దీన్నే పబ్లిషింగ్ వైపు అంటారు. రెండోది ఆ పాట రికార్డింగ్‌ది. దీన్నే మాస్టర్ అంటారు. ఒకే పాటను పదిమంది పాడి రికార్డ్ చేస్తే పాట ఒక్కటే, మాస్టర్లు పది. మన 1957 కాపీరైట్ చట్టం ఇంకాస్త విడదీసి చూస్తుంది: సాహిత్యం ఒక రచన, సంగీతం వేరే రచన, రికార్డింగ్ మూడోది. రికార్డింగ్‌కు ‘నిర్మాత’ యజమాని. చొరవ తీసుకుని, బాధ్యత భుజాన వేసుకుని రికార్డ్ చేయించినవారే చట్టం దృష్టిలో నిర్మాత. నలుగురూ తలా కొంత వేసుకుని స్టూడియో అద్దె కట్టినప్పుడు ఆ నిర్మాత ఎవరు? కాగితం లేకపోతే ఈ ప్రశ్న చిక్కుముడే.

రెండు వైపుల హక్కులూ ఒకే చేతిలో ఉండి, ఒక్క సంతకంతో పని అయిపోతే దాన్ని పరిశ్రమలో ‘వన్ స్టాప్’ అంటారు. స్వతంత్ర సంగీతకారుడికి పెద్ద లేబుళ్ల మీద ఉన్న అసలైన పైచేయి ఇదే. పెద్ద లేబుల్ పాట కావాలంటే లేబుల్‌ను ఒకసారి, పబ్లిషర్లను విడివిడిగా, కొన్నిసార్లు రచయిత వారసులను కూడా అడగాలి. నెలలు పట్టొచ్చు. స్వతంత్రుడి దగ్గర ఆ పని ఒక్క రోజులో అయిపోవాలి. చాలాసార్లు అవ్వడం లేదు, అదే బాధ.

మన దగ్గర అలవాటు వేరు. తెలంగాణ జానపదాల యూట్యూబ్ ఛానళ్లు కావచ్చు, కోస్తాలో ప్రైవేట్ సాంగ్స్ చేసేవాళ్లు కావచ్చు, కొంత మొత్తం చేతిలో పెట్టి ‘రైట్స్ అన్నీ ఔట్‌రైట్‌గా మావే’ అనడం మామూలైపోయింది. రాసినవారు, పాడినవారు సరేనంటారు. ఒక్కోసారి వాట్సాప్ మెసేజే అగ్రిమెంటు. కానీ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. నోటిమాటతో కాపీరైట్ చేతులు మారదు.

ఇంకో రెండు నిబంధనలు ప్రతి పాటగాడికీ కంఠతా రావాలి. ఒప్పందంలో ఎన్నేళ్లో రాయకపోతే అది ఐదేళ్లకే పరిమితం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. సెక్షన్ 19లో ఈ మాటలు స్పష్టంగా ఉన్నాయి. అంటే ఎప్పుడో సంతకం పెట్టిన పాత కాగితంలో ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న మాట లేకపోతే, అమెరికా హక్కు, బ్రిటన్ హక్కు ఇంకా రాసినవారి చేతిలోనే ఉండొచ్చు. అగ్రిమెంట్లు బీరువాలోంచి బయటికి తీసి చదవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. దీనికితోడు 2012 సవరణ మరో రక్షణ ఇచ్చింది. సినిమాకు సంబంధం లేని పాటలోనైనా సాహిత్య రచయిత, సంగీత రచయిత తమ రాయల్టీ వాటాను వదులుకోవడం కుదరదు. హక్కులు తీసుకున్నవారితో సమానంగా పంచుకునే హక్కు వారికి ఉంటుంది. వారసులకు గానీ, వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప దాన్ని ఇంకెవరికీ రాసివ్వలేరు. అందుకే ఔట్‌రైట్ అనే మాట విని రాయల్టీ మీద ఆశ వదిలేసుకోనక్కర్లేదు.

పాత కాగితంలోని ఒక్క షరతు సముద్రాలు దాటాక ఎంత పని చేస్తుందో చూడాలంటే సారెగామా కేసు ఉంది. 1969 నాటి ఆరాధన సినిమాలోని ఒక పాట ముక్కను అమెరికన్ ర్యాపర్ ద గేమ్ 2005 ఆల్బమ్‌లోని ఒక పాటలో శాంపిల్‌గా వాడారని సారెగామా అక్కడి కోర్టుకెక్కింది. ఆ పాట నిర్మాత టింబలాండ్. కేసు ఫ్లోరిడాలో మొదలై 11వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. 2011లో తీర్పు వచ్చింది. కోర్టు చూసింది 1967లో గ్రామఫోన్ కంపెనీకీ (సారెగామా పాత పేరు ఇదే) ఆ సినిమా నిర్మాణ సంస్థకూ మధ్య కుదిరిన ఒప్పందాన్ని. అందులో కంపెనీకి దక్కిన ప్రత్యేక హక్కు రెండేళ్లకే పరిమితమని తేల్చి, రికార్డింగ్ మీద ఇప్పుడు సారెగామాకు యాజమాన్యం లేదంది. కేసు అక్కడితో పోయింది. నలభై ఏళ్ల నాటి కాగితంలో కాలపరిమితి గురించి రాసిన మాటే అన్నీ నిర్ణయించింది. అంత పెద్ద కంపెనీకి, అంతమంది లాయర్లు ఉన్నవారికే ఇలా అయితే, అసలు కాగితమే లేని నలుగురు స్నేహితుల పాట సంగతి వేరే చెప్పాలా?

శాస్త్రీయ సంగీతం వైపు వస్తే, తెలుగువారికి ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. దీని గురించి మాట్లాడుకునేవారు తక్కువ. విజయవాడలో ఒక వీణ విద్వాంసురాలు త్యాగరాజ కృతి వాయించి రికార్డ్ చేశారనుకుందాం. త్యాగరాజు 1847లో పోయారు. మన చట్టంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకే రక్షణ. సాహిత్యమూ ఆయనదే, సంగీతమూ ఆయనదే కాబట్టి రెండూ ఇప్పుడు అందరివీ. ఆమె సొంత ఖర్చుతో, సొంత చొరవతో రికార్డ్ చేసి ఉంటే మాస్టర్ ఆమెది. పక్కవాద్యాల వారి సంతకాలు ఉంటే చాలు, విదేశీ సూపర్‌వైజర్‌కు అదే రోజు ఔనని చెప్పేయొచ్చు.

అదే విద్వాంసురాలు అన్నమయ్య సంకీర్తన ఎంచుకుంటే కథ మారుతుంది. అన్నమయ్య 1503లో పోయారు గనుక సాహిత్యం మీద ఎవరి హక్కూ లేదు. కానీ తిరుమల సంకీర్తన భాండారంలో 1922లో బయటపడ్డ రాగి రేకుల మీద రాగం పేరైతే ఉంది, స్వరాలు లేవు. ఇవాళ మనం వింటున్న బాణీల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. ఆ బాణీలు కట్టినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో, నేదునూరి కృష్ణమూర్తి 2014లో కన్నుమూశారు. ఆ లెక్కన రాళ్లపల్లివారి బాణీలకు 2039 చివరిదాకా, నేదునూరివారి బాణీలకు 2074 చివరిదాకా రక్షణ ఉంటుంది. ‘అయిదొందల ఏళ్ల నాటి కీర్తన, అంతా ఫ్రీ’ అని సంతకం పెట్టేసి ఇస్తే ఆ హామీ తప్పవుతుంది. లైసెన్స్ ఒప్పందాల్లో ‘ఇందులో మూడోవారి హక్కులు లేవు, ఉంటే నష్టం నేనే భరిస్తాను’ అనే షరతు దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. అందువల్ల బాణీ ఎవరిదో ముందు కనుక్కోవాలి. అనుమతి తీసుకోవాలి, లేదా తన సొంత బాణీ కట్టుకోవాలి. రెండోదే చేస్తే ఆ కొత్త సంగీతం పూర్తిగా తనది. అప్పుడు హక్కులన్నీ ఒక్క చేతిలోనే ఉంటాయి.

జానపదాలకూ ఇదే వర్తిస్తుంది. నిజంగా తరతరాలుగా జనం నోట నలిగిన పాట అయితే పాటకు యజమాని లేరు. ఎవరో పెద్దాయన ముప్పై ఏళ్ల కింద రాసి, ఊరూరా పాకి, జానపదంగా చెలామణి అవుతున్న పాట అయితే యజమాని ఉన్నారు. మన దగ్గర ఈ రెండో రకం తక్కువేం కాదు.

హిప్ హాప్, లో ఫై చేసే కొత్త తరానికి వేరే గండం. ఆన్‌లైన్‌లో బీట్ లీజుకు తీసుకుని దాని మీద ర్యాప్ పాడి రిలీజ్ చేస్తారు. లీజు అంటే అదే బీట్ ఇంకా ఎంతోమందికి వెళ్తుంది. టీవీకి, ప్రకటనకు వాడుకునే హక్కు ఆ లీజులో చాలాసార్లు ఉండదు. లూప్ (పదేపదే తిరిగే చిన్న సంగీతం ముక్క) లైబ్రరీల నుంచి తీసిన ముక్కలు రాయల్టీ ఫ్రీ అయినా అవి ఒక్కరివి కావు. అలాంటి లూపే ప్రధానంగా ఉండే పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (పాటను ఏ వీడియోలో వాడినా పట్టుకునే వ్యవస్థలో) పెడితే, అదే లూప్ వాడిన ముక్కూముఖం తెలియనివాళ్ల వీడియోల మీద క్లెయిమ్‌లు పడతాయి. ఏఐ సంగతి ఇంకా తాజాది. మనిషి ప్రమేయం లేకుండా యంత్రం పుట్టించిన భాగానికి కాపీరైట్ లేదన్నది అమెరికా కాపీరైట్ ఆఫీసు వైఖరి. 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలోనూ అదే చెప్పింది. కాపీరైటే లేనిదానికి లైసెన్స్ ఏమని ఇస్తారు? సుప్రభాతం నుంచి సింథ్ పాప్ దాకా ఏ పాటైనా, ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంచుకోవాలి.

ఇక డబ్బు. సింక్ అంటే లక్షలు కురుస్తాయన్న ప్రచారం యూట్యూబ్‌లో బాగా ఉంది. ప్రపంచ రికార్డింగ్ కంపెనీల సంఘం ఐఎఫ్‌పీఐ లెక్కల్లో 2023లో ప్రపంచ రికార్డెడ్ మ్యూజిక్ ఆదాయం 2,860 కోట్ల డాలర్లు. అందులో సింక్ వాటా రెండు శాతం చుట్టూ. ఇది మాస్టర్ వైపు లెక్క మాత్రమే, పబ్లిషింగ్ వైపు వచ్చేది వేరే. చిన్న వాటానే, కానీ స్ట్రీమింగ్‌లా లక్షల ప్లేల మీద పైసా పైసా పోగయ్యే డబ్బు కాదు. ఒక్క వాడకానికి ముందే మాట్లాడుకుని తీసుకునే రుసుము. అందుకే వినేవాళ్లు వేలల్లోనే ఉన్న సంగీతకారుడికి కూడా ఇది అందుతుంది.

ముందు వచ్చే రుసుముతో కథ అయిపోదు. ఆ సిరీస్ ఏ దేశంలో ప్రసారమైనా, పాట రాసినవారికి ప్రదర్శన రాయల్టీ రావాలి. దాన్ని ఆ దేశపు సొసైటీ వసూలు చేస్తుంది: బ్రిటన్‌లో పీఆర్‌ఎస్, కెనడాలో సోకాన్, జర్మనీలో గెమా, ఫ్రాన్స్‌లో సాసెమ్, అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ. మన దేశంలో ఐపీఆర్‌ఎస్ 1969 నుంచి ఉంది. విదేశీ సొసైటీలతో దానికున్న పరస్పర ఒప్పందాల ద్వారా సభ్యులకు అక్కడి డబ్బు చేరుతుంది. ఒక తేడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో సినిమా హాళ్లు సంగీతానికి ప్రదర్శన రాయల్టీ కట్టవు. యూరప్‌లో కడతాయి. అమెరికన్ ఇండీ సినిమాకు పాట ఇచ్చేటప్పుడు ‘హాల్లో ఆడితే తర్వాత వస్తుందిలే’ అని ముందు రుసుము తగ్గించుకుంటే నష్టపోయినట్టే.

రికార్డింగ్ వైపు అమెరికాలో సౌండ్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. పండోరా, సిరియస్ ఎక్స్ఎం లాంటి డిజిటల్ రేడియోల డబ్బు అక్కడికి వస్తుంది. సగం మాస్టర్ యజమానికి, 45 శాతం ముఖ్య గాయకులు, కళాకారులకు, 5 శాతం మిగతా వాద్యకారులు, సహగాయకుల నిధికి. ఏ దేశం వారైనా నేరుగా నమోదు కావొచ్చు. అమెరికన్ స్ట్రీమింగ్‌లో పాట రచయితకు రావాల్సిన మెకానికల్ రాయల్టీని (పాటను కాపీ చేసి వినిపించినందుకు వచ్చేది) 2021 నుంచి నాష్‌విల్‌లోని ఎంఎల్‌సీ అనే సంస్థ చూస్తోంది. అది పని మొదలుపెట్టిన తొలి నెలల్లోనే, ఎవరివో తేలక స్ట్రీమింగ్ కంపెనీల దగ్గర పడి ఉన్న 42.4 కోట్ల డాలర్లు దాని చేతికి వచ్చాయి. పాట ఆడింది, డబ్బు కట్టారు, తీసుకునేవారి పేరే దొరకలేదు. ఎంత అన్యాయమో ఆలోచించండి. ఐపీఆర్‌ఎస్‌కు ఏ హక్కులు అప్పగించారో చూసుకుని, అవి కానివే వేరేచోట నమోదు చేయాలి. ఒకే హక్కు మీద ఇద్దరు క్లెయిమ్ చేస్తే డబ్బు ఇద్దరికీ ఆగిపోతుంది.

పేరు దొరక్కపోవడంలో మనవాళ్ల కష్టం ప్రత్యేకం. ఇంటిపేరు ముందా వెనకా? ఆధార్‌లో ‘చిట్టూరి వెంకట శ్రీనివాసరావు’, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, ఐపీఆర్‌ఎస్‌లో ‘సీహెచ్.వి. శ్రీనివాస్’, స్పాటిఫైలో ‘శ్రీను సీ’. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ‘ఏ’ ఎక్కువో తక్కువో ఉంటుంది. కంప్యూటర్‌కు వీళ్లు నలుగురు మనుషులు. టీవీ ప్రసారం తర్వాత నిర్మాణ సంస్థ సొసైటీకి పంపే క్యూ షీట్‌లో పాట పేరు, నిడివి, రచయిత పేరు, సొసైటీ పేరు, వాటా ఉంటాయి. అందులో పేరు తేడా వస్తే రాయల్టీ అక్కడే నిలిచిపోతుంది. దీనికి మందు అంకెలు. సొసైటీ రచయితకు ఇచ్చే ఐపీఐ నంబరు, పాటకు ఐఎస్‌డబ్ల్యూసీ, ప్రతి రికార్డింగ్‌కూ పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ. మెయిల్ సంతకం కింద ఐపీఐ నంబరు రాసుకునేంత అలవాటు చేసుకుంటే మేలు.

సూపర్‌వైజర్ మెయిల్ కోసం ఎదురుచూడకుండా, వీడియోలు తీసేవారికి సంగీతం లైసెన్స్‌కు ఇచ్చే మ్యూజిక్ లైబ్రరీలకు ఇచ్చే దారీ ఉంది. ఎపిడెమిక్ సౌండ్, ఆర్ట్‌లిస్ట్, మ్యూజిక్‌బెడ్ లాంటివి ఒక్కోటి ఒక్కో తీరు. కొన్ని హక్కులు మొత్తం కొనేస్తాయి, కొన్ని రుసుములో వాటా ఇస్తాయి. కొన్ని లైబ్రరీలు ప్రదర్శన రాయల్టీ కూడా తమకే వదిలేయాలంటాయి. ఐపీఆర్‌ఎస్ సభ్యులు ఆ హక్కును అప్పటికే సొసైటీకి రాసిచ్చి ఉంటారు కాబట్టి అలాంటి కాగితం మీద సంతకం పెట్టలేరు. ఎక్స్‌క్లూజివ్ కాని (పాట తమకొక్కరికే ఇవ్వాలని అడగని) లైబ్రరీలు రెండు మూడింటికి ఒకే ట్రాక్ ఇవ్వడం హాయిగా అనిపిస్తుంది. కానీ ఒకే ట్రాక్ వేర్వేరు పేర్లతో, వేర్వేరు ధరలకు కనిపిస్తే సూపర్‌వైజర్లు రెండింటినీ వదిలేస్తారు. ఎవరిదగ్గర కొన్నా రెండోవారు గొడవ పెట్టుకుంటారేమోనని భయం. పాడే పాటల్ని అలా చల్లకుండా, నేపథ్య సంగీతం ముక్కల్ని ఒక మంచి లైబ్రరీకి ఇచ్చి, సొంత పాటల హక్కులు తన దగ్గరే ఉంచుకోవడం తెలివైన పని అనిపిస్తుంది. స్పాటిఫై లాంటి వాటికి పాటలు చేర్చే డిస్ట్రిబ్యూటర్ సైట్‌లో పాట అప్‌లోడ్ చేసేటప్పుడు ‘సింక్’ అని ఒక బాక్స్ కనిపిస్తే, చదవకుండా టిక్ పెట్టొద్దు.

డాలర్లు వచ్చే ముందు ఒక ఫారం నింపాలి. డబ్ల్యూ‑8బీఈఎన్ అనే ఈ ఫారం ఇవ్వకపోతే అమెరికాలో పుట్టిన రాయల్టీలో 30 శాతం పన్నుగా కోసేస్తారు. ఫారం నింపి, పాన్ నంబరు ఇచ్చి, భారత్‑అమెరికా పన్ను ఒప్పందాన్ని చూపిస్తే అది 15 శాతానికి దిగుతుంది. ఆ కట్టిన పన్నును ఇక్కడి రిటర్న్‌లో లెక్కలోకి తీసుకోమని కోరవచ్చు. ఇక్కడ మాత్రం ఒక మంచి ఆడిటర్‌కు ఇచ్చే ఫీజు వృథా కాదు.

ఫైళ్ల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు, గొంతు లేని వెర్షన్, వాద్యాలు విడివిడిగా ఉన్న స్టెమ్స్, ఫైలు లోపలే ఫోన్ నంబరు, మెయిల్. మిక్సింగ్ రోజే ఇవన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి. ఏడాది తర్వాత ఆ సెషన్ తెరిస్తే సగం ప్లగిన్లు పనిచేయవు, హార్డ్ డిస్క్ కనబడదు.

భాష అడ్డు కాదు. పాత్రలు ఇంగ్లిష్‌లో మాట్లాడే సీన్ కింద తెలుగు పాట పెడితే మాటలతో మాట గుద్దుకోదు, ఎడిటర్లకు అది సుఖం. అన్నిటికన్నా విలువైనది మనకే ఉన్న మోత. విదేశీ లైబ్రరీల్లో ఇండియా అని వెతికితే సితార్, తబలా పదేపదే వస్తాయి. డప్పు, జమిడిక, తుడుం, కొమ్ము, డోలు సన్నాయి, పన్నెండు మెట్ల కిన్నెర అక్కడ దాదాపు వినపడవు. 2022లో కిన్నెర మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ వాద్యం పేరే మనలో చాలామంది మొదటిసారి విన్నారు. ఆ మోతలను శ్రద్ధగా, శుభ్రంగా రికార్డ్ చేసినవారి దగ్గర ఇంకెవరి దగ్గరా లేనిది ఉంటుంది.

అయితే ఆ డప్పు వాయించిన మనిషిని భోజనం పెట్టి, బస్సు చార్జీ ఇచ్చి పంపేయకూడదు. స్టూడియోలో హెడ్‌ఫోన్ తీసేసిన వెంటనే ఒక కాగితం తీయాలి. పాట పేరు, తేదీ, ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరు వాయించారు, మాస్టర్ ఎవరిది, ఎవరికి ఎంత శాతం. వాటాలు కలిపితే సరిగ్గా వంద రావాలి. ‘ప్రపంచమంతటా’ అన్న మాట అందులో ఉండాలి. ఆయనకు చదువు రాకపోతే తెలుగులో చదివి వినిపించి, బ్యాంకు ఖాతా నంబరుతో సహా ఆయన పేరు రాసి, అప్పుడు సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకుని, ఒక కాపీ ఆయన చేతిలో పెట్టి పంపాలి.